చలికాలం నిద్రపోయే దెయ్యం

పొద్దు వాలాక డెల్మర్ ఇంటి వైపు వెళ్ళకండి. మా లోయలో పిల్లలకి మాటలు వచ్చీ రాగానే చెప్పే సంగతి ఇది. కొండకి ఇవతల రేకుల కప్పుతో, కిటికీలు ఊడిపోయి ఉంటుందే... ఆ ఇల్లే.

అక్కడి దెయ్యం కనపడదు. వినపడుతుంది. ముందు ఎక్కడో ఎండుపుల్ల విరిగినంత చిన్న చప్పుడు. తర్వాత గాల్లో ఎవరో పెదాలు మూసుకుని కూనిరాగం తీస్తూ వస్తున్నట్టు... ఊఁఁఁ... దగ్గరికొచ్చి, ఇంకా దగ్గరికొచ్చి— రేకుల మీద టక్! అంతే.

అది వెర్నా అంటారు. డెల్మర్ పెళ్ళాం. చిక్కుళ్ళు వలుస్తున్నా, బట్టలారేస్తున్నా ఆ మనిషి నోట్లో కూనిరాగం ఆగేది కాదు. ఓ సాయంత్రం ఆ వాకిట్లోనే బట్టలారేస్తూ మెడలో తూటా దిగి పడిపోయింది. ట్వంటీటూ తూటా, ఉడతల్ని కొట్టే సన్నరకం. డెల్మర్ దగ్గరున్నదీ ట్వంటీటూ రైఫిలే. ఆ మధ్యాహ్నమే మొగుడూ పెళ్ళాలు వీధికెక్కి అరుచుకున్నారు. ఇంకేం కావాలి? ఉడత మాంసం వండుకునే ప్రతి ఇంట్లోనూ తలుపు వెనక ఆ తుపాకీయే ఉంటుందన్న మాట ఒక్కడి నోట రాలేదు. వెర్నా అన్నయ్య హోబర్ట్ కోర్టులో బైబిల్ మీద చెయ్యేసి, "తాగితే వాడు మనిషి కాడు" అన్నాడు. డెల్మర్ జైల్లోనే పోయాడు.

వాళ్ళ కూతురు లీథాని హోబర్టే పెంచాడు. బాగానే పెంచాడు, అబద్ధమెందుకు? కాకపోతే తండ్రి పేరెత్తనివ్వలేదు. ఒక్కసారి పిల్లని చూపించమని డెల్మర్ జైల్లోంచి కబురు మీద కబురు పంపినా కదలనివ్వలేదు. శవం ఇంటికొచ్చిన రోజున కూడా ఆ పిల్ల గుమ్మం దాటలేదు. అమ్మని చంపినవాడి మీద నేను మట్టి వెయ్యడమేమిటి, అంది.

ఆ దెయ్యానిదో విడ్డూరం. చలికాలమంతా నోరెత్తదు. ఆదివారం అసలే రాదు. "చచ్చినా వెర్నాకి భక్తి పోలేదమ్మా" అని మా ఆడవాళ్ళు కళ్ళొత్తుకునేవాళ్ళు. ఇంతమందిమి ఉన్నాం, ఒక్కరికీ బుర్ర వెలగలేదు.

మిగతాదంతా లీథా నోట విన్నదే.

పోయిన వేసవిలో ఆమె చిక్కుడు మడిని గ్రౌండ్‌హాగ్‌లు నున్నగా మేసేశాయి. బొరియల్లో ఉంటూ, తిని తిని బలిసిన పాడు జంతువులు. విసిగిపోయి ఓర్విల్ తుపాకుల కొట్టుకి వెళ్ళింది.

"ట్వంటీటూ ఒకటివ్వు తాతా."

"దేనికే? ఉడతలకా, గ్రౌండ్‌హాగ్‌లకా?"

"రెంటికీ."

"చెంచాతో పులుసూ తాగుతాను, గడ్డీ కోస్తానన్నట్టుంది," ముసలాయన నవ్వాడు. "ఉడతని తినాలి కదా. ట్వంటీటూ అయితే మాంసం చెడదు, వెనక చెట్టు మాను తూటాని ఆపుతుంది. గ్రౌండ్‌హాగ్ బయలు నేల మీద, దూరంగా కూర్చుంటుంది. దానికి ఇదిగో, ఈ హార్నెట్ రైఫిల్. తూటా చిన్నది, మహా వేగం. గురి తప్పినా నేలకి తగలగానే తునాతునకలు. ట్వంటీటూ అలా పగలదు. గట్టి నేల తగిలితే ఎగిరి లేస్తుంది. చెరువు మీద పెంకు విసిరితే ఎగరదూ, అలా. కొండ దాటైనా పోతుంది... పాడుకుంటూ."

"పాడుకుంటూనా?"

"నలిగిన తూటా గాల్లో దొర్లుతుంటే అచ్చం కూనిరాగమే. ఊఁ... అని."

లీథా చేతిలోని రైఫిల్ మెల్లగా కౌంటర్ మీద పెట్టేసింది.

"గ్రౌండ్‌హాగ్‌లకి ట్వంటీటూ వద్దని మీ మామయ్యకీ చెప్పాను," అన్నాడు ఓర్విల్. "మీ అమ్మ పోయాక మళ్ళీ చెప్పబోతే, నా తుపాకీకేమొచ్చింది అని మీదికొచ్చాడు. ఆ తర్వాత నా గుమ్మం తొక్కలేదు."

కొండకి అవతల ఉన్నది హోబర్ట్ చేను. గ్రౌండ్‌హాగ్‌లు చలికాలమంతా బొరియల్లో పడుకుంటాయి. ఆదివారం హోబర్ట్ తుపాకీ ముట్టడు, చర్చి పెద్ద కదా!

ఆ సాయంత్రమే లీథా ఒంటరిగా ఆ ఇంటికి వెళ్ళింది. రాతి పొగగొట్టం చాటున నక్కి కూర్చుంది. దెయ్యమే అయితే బాగుండు, అనుకుందట. దెయ్యమైతే అమ్మ... కాకపోతే?

పొద్దు వాలింది. గాలి లేదు.

పుల్ల విరిగింది— కొండకి అవతల.

ఊఁఁఁ...

టక్!

ఏదో రేకు మీద దొర్లుకుంటూ వచ్చి చూరు కాలువలో పడింది. లీథా లోపల చెయ్యి పెట్టింది. సీసం ముక్క. ఒక పక్క చదునుగా గీసుకుపోయి ఉంది. ఇంకా వెచ్చగానే ఉంది. ఎండుటాకుల కింద వేళ్ళకి మరికొన్ని తగిలాయి. పాతవి, తెల్లబూజు పట్టినవి.

అన్నీ గుప్పిట్లో పట్టుకుని కొండెక్కి దిగింది. హోబర్ట్ చేను గట్టున ముక్కాలిపీట మీద కూర్చున్నాడు, ఒళ్ళో రైఫిల్ పెట్టుకుని. లీథా ఆయన అరచేతిలో గుప్పిట విప్పింది.

ఇవేమిటే అని ఆయన అడగలేదు.

"పొద్దు వాలాక ఆ ఇంటికి వెళ్ళొద్దని ఎన్నిసార్లు చెప్పానే నీకు?" అన్నాడు.

"దెయ్యముందనా మామయ్యా... తగుల్తుందనా?"

ఆయన ముక్కలన్నీ తిరిగి ఆమె చేతిలో పోసేశాడు. తర్వాత గొణిగాడు—

"తుపాకీ మారిస్తే... ఎందుకు మార్చావని అడుగుతారు కదే."

మర్నాడు లీథా ఆ సీసం ముక్కలు తీసుకెళ్ళి షెరీఫ్ బల్ల మీద పోసింది. ముద్దాయి పోయాడు, ఇప్పుడెవర్ని విడిపించమంటావమ్మా, అని ఆయన కాఫీ ఇచ్చి పంపాడట. హోబర్ట్ ఇంకా చర్చికి వెళ్తూనే ఉన్నాడు. తుపాకీ మాత్రం పేల్చడం లేదు.

దెయ్యం పోయిందని లోయంతా సంబరపడుతోంది. లీథా ఒక్కతే రోజూ పొద్దు వాలాక వెళ్ళి ఆ వాకిట్లో కూర్చుంటుంది. ఏం వినపడుతుందే అక్కడ, అని అడిగాను.

"ఏమీ లేదు," అంది. "నాన్న గొంతు గుర్తు తెచ్చుకుందామని చూస్తున్నా... రావడం లేదు."