తలుపుకి ఏ పక్కన

శనివారం ఉదయం. పెనం మీది పెసరట్టుని దోరగా కాల్చి, అల్లం ముక్కలు చల్లి, మడతపెట్టి కొడుకు పళ్లెంలో వేసింది సత్యవాణి. అభిరామ్ పళ్లెం పక్కకి జరిపాడు.

"నాకొద్దు. కింద హోటల్లో తింటాను," అన్నాడు తల్లి మొహం చూడకుండా, చెప్పులు వేసుకుంటూ.

పది రోజులుగా ఇదే వరస. అతని భార్య నందిత తనని తనే తిట్టుకుంది. నిద్రలాంటి మత్తులోకి పంపి మనసులోని భయాలు పోగొట్టే ఆ హిప్నోథెరపీకి భర్తని పంపింది తనే మరి.

అభిరామ్‌కి చిన్నప్పటినుంచీ మూసిన తలుపులంటే భయం, లిఫ్టంటే మరీను. సింగపూర్ టాంపినీస్‌లో తాముండే ఎనిమిదో అంతస్తుకి రోజూ మెట్లెక్కే వచ్చేవాడు. రెండువేల సంవత్సరంలో కంప్యూటర్ల వైటూకే గొడవ సద్దుమణిగాక బ్యాంకులో మంచి ఉద్యోగం వచ్చింది. ఆఫీసు ముప్ఫై రెండో అంతస్తులో. ఇక మెట్లతో పని జరగదని, నందిత ఎవర్నో అడిగి ఒక డాక్టరమ్మని పట్టుకుంది. నాలుగో వారానికే అభిరామ్ లిఫ్టెక్కాడు! నందిత ఆ సాయంత్రమే సెరంగూన్ రోడ్డు పెరుమాళ్ గుడికి వెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చింది.

ఆ సంతోషం వారం నిలవలేదు. డాక్టరమ్మ దగ్గర ఐదోసారి కళ్లు మూసుకుని పడుకున్నప్పుడు అతనికో జ్ఞాపకం వచ్చింది. చీకటి. మూసిన తలుపు. నాలుగేళ్ల తను పిడికిళ్లతో దాన్ని బాదుతున్నాడు. అవతల అమ్మ ఏడుపు వినబడుతోంది, తలుపు మాత్రం తెరుచుకోదు.

"అమ్మ నన్ను గదిలో పెట్టి గొళ్లెం వేసింది నందితా. నా భయానికి కారణం అదే," అన్నాడు ఇంటికొచ్చి, వంటింట్లో ఉన్న తల్లికి వినబడేలా. అలా కనబడినవన్నీ ఉన్నదున్నట్టు జరిగాయని అనుకోవద్దు, ఇంట్లోవాళ్లని అడిగి చూడమని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట అతని చెవికెక్కలేదు.

గంట తరవాత అభిరామ్ ఒక కవరుతో తిరిగొచ్చాడు.

"సోమవారం చెన్నై ఫ్లైటుకి అమ్మకి టికెట్ తీశాను."

"నాతో ఒక్క మాటైనా చెప్పకుండానా?" నందిత గొంతు పెరిగింది. "వచ్చి మూడు నెలలైనా కాలేదు. ఆవిడేం తప్పు చేశారని?"

"అది ఆవిణ్నే అడుగు. చెప్పమ్మా, ఆ రోజు తలుపు వేసింది నువ్వేనా, కాదా?"

సత్యవాణి స్టవ్ కట్టేసి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నేనే నాన్నా."

"నేను ఏడవడం నీకు వినబడిందా?"

"వినబడింది."

"అయినా తియ్యలేదు."

"తియ్యలేదు."

అభిరామ్ కుర్చీలో కూలబడ్డాడు. నందితకి మాత్రం మనసు ఒప్పుకోలేదు. పక్కింటి పిల్ల తుమ్మితే పరుగెత్తే మనిషి ఈవిడ!

"అత్తయ్యా, పిల్లాడి మీద కోపంతో గొళ్లెం వేసినవాళ్లు అక్కడే కూర్చుని ఎందుకేడుస్తారు? నిజం చెప్పండి. మీరు తలుపుకి ఏ పక్కనున్నారు?"

సత్యవాణి కోడలి వైపు తిరిగింది.

"లోపల. గదిలో ఉన్నది నేనమ్మా. వాడు బయట వసారాలో ఉన్నాడు."

అభిరామ్ తలెత్తాడు.

"నాకు క్షయ వచ్చింది," అందామె. సింగపూర్‌లో ఎనిమిదో అంతస్తులో ఉండి కూడా, సొంతూరు తణుకులో ఎవరికో వినబడుతుందన్నట్టు ఆ మాట గొణిగింది. "అప్పటికి మీ మేనత్తకి సంబంధం కుదిరింది. జబ్బు సంగతి బయటికి పొక్కితే పెళ్లి ఆగిపోతుందని మీ నాన్న నాచేత ఒట్టు వేయించుకున్నారు. ఎనిమిది నెలలు ఆ గదిలోనే ఉన్నాను. రోజూ దీపాలవేళకి వచ్చి 'అమ్మా, తలుపు తియ్యి' అని బాదేవాడివి. తీస్తే నిన్ను ఎత్తుకోకుండా ఉండలేను. ఎత్తుకుంటే నీకూ అంటుకుంటుంది. అందుకే లోపల గొళ్లెం పెట్టుకుని తలుపుకి ఆనుకుని కూర్చునేదాన్ని."

"అయితే నేను బాదింది..." అన్నాడు అభిరామ్. "బయటికి రావడానికి కాదు. నీ దగ్గరికి రావడానికా?"

సత్యవాణి తలూపింది.

"మరి ఈ పది రోజులూ ఎందుకు నోరు మెదపలేదమ్మా?"

"ఈ జబ్బు సంగతి తెలిస్తే నీ ఉద్యోగానికేం అడ్డొస్తుందోనని భయం. అదీగాక, ఇన్నేళ్ల భయం వదిలింది కదా నీకు. నామీద కోపం ఉంటేనే అది వదిలేట్టుంటే, పోనీలే, ఉండనీ అనుకున్నాను."

అభిరామ్ లేచొచ్చి తల్లి కాళ్ల దగ్గర చతికిలబడి, ఆమె ఒళ్లో మొహం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. అంత పెద్దవాడు అలా ఏడుస్తుంటే నందిత ఆపలేదు. గదిలోకి వెళ్లి ట్రావెల్స్ వాళ్లకి ఫోన్ చేసి టికెట్ రద్దు చేయించింది. జబ్బు నయమై ముప్ఫై ఏళ్లు కావస్తోంది, దానికీ ఉద్యోగానికీ సంబంధం లేదని అత్తగారికి రెండుసార్లు నచ్చజెప్పింది.

ఆ రోజు ముగ్గురూ ఇల్లు కదల్లేదు. ఎన్నడూ నోరు విప్పని సత్యవాణి మాట్లాడుతూనే ఉంది. రోజూ సూది వేసిన కాంపౌండరు గురించి, కిటికీలోంచి అన్నం అందించిన చెల్లెలు కొండమ్మ గురించి, అన్నీ చెప్పింది.

"నువ్వు బయటికొచ్చిన రోజు నిన్ను చూసి పరుగెత్తుకొచ్చానా?" అడిగాడు అభిరామ్.

"ఎక్కడ! గుర్తే పట్టలేదు. మూడు రోజులు కొండమ్మ చంక దిగలేదు."

"నాలుగో రోజు?"

"నాలుగో రోజు తెల్లారి కళ్లు తెరిస్తే, నా పక్కలో నువ్వున్నావు. ఎప్పుడొచ్చి పడుకున్నావో తెలీదు," అంది సత్యవాణి. ఆ మాట చెబుతూ ఆమె నవ్వింది. ఆ నవ్వు చూశాక నందితకి పది రోజులకి గుండె నిండా ఊపిరి అందింది.