పచ్చ బటన్

ఇందులో ఒక్క మాట కల్పించానా అమ్మాయ్, నా నోట్లో మిగిలిన రెండు పళ్ళూ ఈ క్షణమే రాలిపోవాలి.

యాప్‌లు కట్టే ప్రోగ్రామరు ఒకడు. నలభై దాటినా మాకు పిల్లాడే. ఒంటరి ముసలివాళ్ళ కోసం ఒక యాప్ కట్టాడు. పొద్దున పదిలోపు "బాగానే ఉన్నాను" అన్న పచ్చ బటన్ నొక్కాలి. నొక్కకపోతే అయినవాళ్ళ ఫోన్లు చెవులు చిల్లులు పడేలా మోగుతాయి. ముందు వాళ్ళ పెద్దమ్మకే ఇచ్చి చూశాడు. ఆవిడా, కళ్ళజోడు పెట్టుకుని దానికోసమే ఇల్లంతా మూడుసార్లు గాలించే మనిషి. రోజూ పదింటికి మోతే. సరిగ్గా అప్పుడే వీడికి వయొలిన్ సాధన. ఆ వాయింపుకి వీధిలో పిల్లులన్నీ కాపురాలు మార్చేశాయనుకో.

విసిగి, కోడులో ఒక్క వరుస రాశాడు. పెద్దమ్మ నొక్కినా నొక్కకపోయినా, ఎనిమిదింటికల్లా వీడికీ, ఆవిడ కూతురికీ "బాగానే ఉన్నాను" అని వెళ్ళిపోవాలి. రెండు రోజుల్లో తీసేద్దామనుకుని మరిచాడు.

పెద్దమ్మ స్నానాలగదిలో జారిపడింది. నాలుగు రోజులు అక్కడే... ఆ నాలుగు రోజులూ ఫోనులో మాత్రం బాగానే ఉంది.

"రోజూ వచ్చిందిరా తమ్ముడూ," అంది కూతురు, దహనం అయ్యాక. "ఎవరు నొక్కినట్టు?"

"సర్వర్‌లో ఏదో తేడా అక్కా." వాడి చూపు ఆవిడ చెప్పుల మీదే ఉంది.

"నువ్వేం చేస్తావులే. ఇది నీ దగ్గరే ఉంచు," అంటూ వాళ్ళమ్మ ఫోను వాడి చేతిలో పెట్టింది. "ఏమైనా తిన్నావా?"

ఆ మాటకి వాడు సిగ్గుతో చితికిపోయాడు.

ఇంటికెళ్ళి ఆ వరుస చెరిపాడు. మర్నాడు ఎనిమిదింటికి... టింగ్. "బాగానే ఉన్నాను." పెద్దమ్మ పేరే తీసేశాడు. టింగ్. సర్వరే ఆపేశాడు. గదంతా తడి సబ్బు వాసన. టింగ్.

సొరుగులోంచి ఆవిడ ఫోను తీశాడు. ఛార్జింగ్ ఎప్పుడో అయిపోయింది. నల్లటి తెర మీద తడి వేలిముద్ర. చొక్కాతో తుడిచాడు. పోలేదు. మళ్ళీ తుడిచాడు... అది అద్దానికి లోపలివైపు ఉంది.

అక్కకి ఫోన్ చేశాడు. "అక్కా... అది నేనే రాశాను."

"ఏంటి?"

"పెద్దమ్మ నొక్కకపోయినా, బాగానే ఉందని వెళ్ళేట్టు."

"ఎందుకురా?"

"వయొలిన్‌కి... అడ్డొస్తోందని."

అక్క ఫోను పెట్టేసింది. ఇంతవరకూ మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు ఎనిమిదింటికి ఏమీ రాలేదు. పదింటికి మాత్రం వాడి ఫోను మోగింది, గోడలు అదిరేలా. అప్పట్నుంచి రోజూ అంతే. వాడు వయొలిన్ అటకెక్కించి, మోగినంతసేపూ తల దించుకుని కూర్చుంటాడు.

పాపం, వాడు సిగ్గుపడింది చాలు. ఇదిగో అమ్మాయ్, పది కావస్తోంది. వాడి సొరుగులో ఫోనుంటుంది, వెళ్ళి ఆ పచ్చ బటన్ నొక్కిరా. ఛార్జింగ్ లేదనుకోకు, నువ్వు పట్టుకుంటే వెలుగుతుంది. నేనే నొక్కుదును గానీ, చెయ్యి ఇంకా ఆరలేదు.