కింది కన్ను

"పన్నెండు బొమ్మలండీ! పన్నెండూ తుడిచిపెట్టారు. మీరు ఫిల్మ్ కడుగుతారా, గిన్నెలు తోముతారా?"

నీళ్ళలా తేటగా ఉన్న ఫిల్మ్ పట్టీ ఒకటి ఫొటో స్టూడియో కౌంటరు మీద వచ్చి పడింది. విసిరినవాడు పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. గోళ్ళ చుట్టూ గోధుమరంగు మరక. రెండు వీధుల అవతల తోలు సంచులు కుట్టే కొట్టు అతనిది.

కౌంటరు వెనకున్న అమ్మాయి పట్టీని అంచులు పట్టుకుని పైకెత్తింది.

"గిన్నెలైతే ఈపాటికి మీ నెత్తిన పడి ఉండేవి," అంది.

"తప్పు చేసి, పైగా ఎదురు మాట్లాడుతున్నారా?"

"నడుమ వేలు పెట్టకండి, మరకలు పడతాయి. ఇటు చూడండి. అంచున అంకెలూ అక్షరాలూ ఉన్నాయా?"

"ఉంటే?"

"వాటిని ఫ్యాక్టరీలోనే వెలుగుతో అచ్చేస్తారు. మందునీళ్ళలో సరిగ్గా కడిగితేనే పైకి తేలతాయి. ఇవి కాటుకలా వచ్చాయి. అంటే నా పనిలో లోటు లేదు. మీ కెమెరాలోకి వెలుగే పోలేదు."

"పోకపోవడమేంటి? పైనున్న గాజు పలకలో చూసే కదా నొక్కాను! మా అమ్మ నిక్షేపంలా కనిపించింది. ముప్ఫై ఏళ్ళుగా ఫొటో అంటే మొహం తిప్పుకునే మనిషి. నాకోసం పన్నెండుసార్లు నిలబడింది. ఇప్పుడెళ్ళి ఏం చెప్పను?"

ఆ మాటకు అమ్మాయి మనసు కాస్త మెత్తబడబోయింది. కానీ అప్పటికే బాబాయి లోపలి నుంచి వచ్చేశాడు.

పాస్‌పోర్టు ఫొటోలు, లామినేషన్లు బాబాయి చూసుకుంటాడు. ఫిల్మ్ సంగతి ఆయనకు తెలియదు. వెనకున్న చీకటి గది ఆయన అన్నగారిది. చూపు మందగించి అన్నగారు మానుకున్నాక, ఆయన కూతురైన ఈ అమ్మాయి పట్టుబట్టి ఆ గది తీసుకుంది. 'నెల్లాళ్ళు చూస్తాను. ఒక్క ఫిర్యాదు వచ్చిందా, ఆ గదిలో జిరాక్స్ మెషీన్ పెట్టేస్తా' అని బాబాయి ముందే చెప్పాడు. ఇది ఇరవై ఆరో రోజు.

"అయిపోయిందమ్మాయ్. సోమవారం మెషీన్ దిగుతుంది," అన్నాడు బాబాయి.

"బాబాయ్, ఈ అంచు ఒక్కసారి చూడు..."

"నాకు అంచులూ కొంగులూ తెలీవు. కస్టమరు అరిచాడు. అంతే."

అమ్మాయి సంచులవాడి వైపు తిరిగింది. ముక్కుపుటాలు అదురుతున్నాయి.

"రేపు ఆ కెమెరా పట్టుకురండి. తేకపోతే మీ కొట్టు ముందు నిలబడి ఇంతకు రెండింతలు అరుస్తాను."

మర్నాడు శనివారం. పొద్దుటినుంచీ వాన. అతను వచ్చాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి గానీ, చేతిలో సంచి తెరిస్తే లోపల చుక్క తడి లేదు. కుట్టు చీమల బారులా సమంగా ఉంది. బాగుందనుకుంది గానీ పైకి అనలేదు. అనే రోజు కాదది.

కెమెరా నిలువు పెట్టెలా ఉంది. ముందు భాగాన ఒకదానిమీద ఒకటి రెండు కళ్ళు. మేనమామ ఇచ్చాడట. ఎలా వాడాలో మాత్రం చెప్పలేదట. కింది కంటికి గుండ్రంగా, నల్లగా, బిగుతుగా ఒక తోలు తొడుగు ఉంది.

"ఇదేంటి?"

"టోపీ. నేనే కుట్టాను. లోపల మఖమల్," అన్నాడు. కోపంలోనూ గొంతులో చిన్న గర్వం.

"దీన్ని ఎప్పుడు తీస్తారు?"

"తీయడమెందుకు? దుమ్ము పడదూ? పై కంటితో చూస్తున్నాగా. కిందిది ఊరికే ఉందని..."

అమ్మాయి కెమెరా లాక్కుంది. వెనక తలుపు తెరిచి, ముందు భాగం కిటికీకేసి పట్టి, అతన్ని వెనకనుంచి చూడమంది. నొక్కింది. క్లిక్‌మంది. చీకటి. టోపీ లాగేసి మళ్ళీ నొక్కింది. శనగగింజంత వెలుగు ఒకటి మిణుక్కుమని ఆరింది.

"పై కన్ను మీకు చూపించడానికి. బొమ్మ తీసేది కిందిది. పాపం, దానికి గంతలు కట్టి, మీ అమ్మగారిని పన్నెండుసార్లు నిలబెట్టారు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఒక్క మాట అంటాడని ఆమె ఎదురుచూసింది. 'తప్పు నాది' అని బాబాయితో ఒక్క మాట.

అతను కెమెరా సంచిలో పెట్టుకున్నాడు. వానలోకి దిగి వెళ్ళిపోయాడు.

"మనిషేనా వీడు!" అంది గుమ్మంతో.

ఆదివారమంతా ఆమె సీసాల మూతలు బిగిస్తూ, విప్పుతూ, మళ్ళీ బిగిస్తూ గడిపింది. ప్రతి మూతలోనూ అతని మెడే కనిపించింది.

సోమవారం పదిగంటలకు ట్రాలీ ఆటో ఆగింది. ఇద్దరు మనుషులు జిరాక్స్ మెషీన్ దింపి గుమ్మందాకా తెచ్చారు. అప్పుడు పరుగెత్తుకొచ్చాడు సంచులవాడు. రెండు చేతులూ చాపి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"ఆపండి! ఫిల్మ్ పాడుచేసింది నేను! ఆ అమ్మాయి కాదు! కంటికి టోపీ పెట్టి ఫొటోలు తీసిన తెలివితక్కువ దద్దమ్మని నేను! వినపడుతోందా?"

వీధి చివర సోడాలవాడికి కూడా వినపడింది.

"తప్పు మీదైతే నామీద అరుస్తారేంటండీ?" అన్నాడు బాబాయి బిత్తరపోయి.

"మెల్లగా చెబుదామని మొన్నట్నుంచీ చూస్తున్నా. రావట్లేదు!"

బాబాయి వీధి వైపు చూశాడు. వీధి అంతా బాబాయి వైపు చూస్తోంది. "మెషీన్ వరండాలో పెట్టండ్రా," అన్నాడు గొణుగుతూ.

అమ్మాయి బయటికొచ్చింది. కోపం పిసరంత కూడా తగ్గలేదు.

"ఈ ఒక్క ముక్కకి రెండు రోజులు పట్టిందా?"

"మీ ముందు ఒప్పుకోవాలంటే సిగ్గేసింది."

"ఇంతమంది ముందు వేయలేదా?"

"వీళ్ళేమనుకుంటే నాకేంటి?"

ఆ మాట ఆమెకు నచ్చింది. నచ్చినందుకు మరింత కోపం వచ్చింది. "రేపు కొత్త ఫిల్మ్ రోలు తెచ్చుకోండి," అని లోపలికి వెళ్ళిపోయింది.

రోలు నీడలో ఎక్కించాలని, ఫిల్మ్ వెనకుండే కాగితం మీది బాణం గుర్తును కెమెరాలోని చుక్కకు ఎదురుగా తేవాలని, వదులైతే అంచుల్లోంచి వెలుగు దూరుతుందని తిడుతూనే నేర్పింది. మొదటి బొమ్మకు తనే నిలబడింది.

"కుడివైపున్నారు, కాస్త ఎడమకి... ఎక్కడికి పారిపోతున్నారు?"

"నేను కదల్లేదు మహాప్రభో! ఆ పలకలో కుడి ఎడమలు తారుమారు. మీరు ఎటు తిప్పితే నేను దానికి ఎదురు పోతాను."

"అది కెమెరా లక్షణమా, మీదా?"

"నొక్కండి ముందు!"

మిగతా పదకొండు అమ్మవి. మళ్ళీ నిలబడిందట, కొడుకును తిట్టుకుంటూనే.

వారం తర్వాత కడగడం చూస్తానని పట్టుబట్టి చీకటి గదిలోకి వచ్చాడు. చూడ్డానికేం లేదు. కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. కడిగే డబ్బాలోని చుట్టకు ఫిల్మ్ ఎక్కుతున్న సన్నటి చప్పుడొకటే.

"మీ సంగతి అమ్మకు చెప్పాను," అన్నాడు అతను. మెల్లగానే వచ్చింది ఈసారి.

ఆమె వేళ్ళు ఆగాయి. "ఏమని?"

"ఒక కోపిష్ఠి పిల్ల మనసులోంచి పోవట్లేదని."

"ఆవిడేమన్నారు?"

"ఈ ఇంటికి కోపానికి నువ్వొక్కడివి చాలవా అంది."

"మీరేమన్నారు?"

"చాలనన్నాను."

చీకట్లో ఆమె మొహం ఎలా ఉందో అతనికి తెలియదు. ఫిల్మ్ చప్పుడు మళ్ళీ మొదలైంది, ఇందాకటికన్నా నెమ్మదిగా.

"వచ్చి మా నాన్నని అడగండి," అంది. "అరవకుండా."

బయట బాబాయి తలుపు కొట్టాడు. "ఎంతసేపర్రా? తలుపు తీయనా?"

"తీయొద్దు!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

బయట బాబాయి నవ్వు. "అన్నయ్యా, ఇలా వచ్చి విను! వీళ్ళ గొంతులు కలిశాయి!"