పచ్చిచూపు

పొద్దున లేచేసరికి పోలినాయుడి పెళ్ళాం గళ్ళుగళ్ళుగా కనిపించింది. చామనచాయ గళ్ళు కొన్ని, నల్లవి కొన్ని, మధ్యలో ఎర్రటిది ఒకటి. ఆ ఎర్రది బొట్టని తెలుసుకోడానికి అతనికి కొంతసేపు పట్టింది.

"టీ పుచ్చుకో" అన్నాయి గళ్ళు.

గ్లాసు కనిపించిన చోట లేదు. చెయ్యి తగిలి వేడి టీ పంచె మీద ఒలికింది. పోలినాయుడు తిట్టబోయి, ఎవర్ని తిట్టాలో తెలీక ఊరుకున్నాడు.

ఆ కాలంలో ఎవరూ కళ్ళతో నేరుగా చూడడం లేదు. గాల్లో దుమ్ము నిలిచిపోయి చూపులు మసకబారాక, అందరికీ కణత ఎముకలో చూపుబిళ్ళలు పెట్టారు. కన్ను పట్టిన మసక బొమ్మని బిళ్ళ తీసుకుని, చుక్కచుక్కగా మళ్ళీ గీసి మెదడుకి ఇస్తుంది. మొహాలు గియ్యడం మట్టుకు దానికి బరువు. అందుకని ప్రతి మనిషికీ ఒక్కసారి ముఖచిత్తరువు తీసి దాచారు. ఎవరు ఎదురుపడినా ఆ చిత్తరువునే తెచ్చి అంటించడం. అద్దంలో చూసుకున్నా అంతే. వయసు కలుపుతారా అంటే అడిగినవాళ్ళకి కలుపుతామన్నారు. ఎవరూ అడగలేదు.

పోలినాయుడి పెళ్ళాం అప్పయ్యమ్మ చిత్తరువు పెళ్ళయిన కొత్తల్లో తీసింది. బుగ్గలు నిండుగా, పలువరస బయటపడేలా నవ్వుతూ ఉంటుంది. అతను ఇన్నేళ్ళూ ఆ మొహంతోనే కాపురం చేశాడు. ఇప్పుడు కంపెనీవాళ్ళు రాత్రికి రాత్రి చిత్తరువులతో పాటు చూపు మొత్తాన్నీ సన్నచుక్కల కొలతకి మార్చేశారు. అతని పాత బిళ్ళ అంత సన్నం గియ్యలేదు.

కంపెనీ తరఫున జవాబులు చెప్పే మాటమరకి కబురు పెట్టాడు. అది ఎంతో మర్యాదగా మాట్లాడింది. చూపుకి కుడివైపు కింది మూలన బిళ్ళ అంకె ఉంటుంది, చదవమంది. ఆ మూల అతని చూపులోనే లేదు, బొమ్మ సాగిపోయి అంచు దాటిపోయింది. ఆ సంగతి చెప్తే, అయితే సర్దుబాటు పలక తెరిచి కొలత తగ్గించి, అడుగున ఉన్న 'సరే' నొక్కమంది. కళ్ళ ముందు పలక తెరుచుకుంది. 'సరే' మట్టుకు అంచు కిందే ఉండిపోయింది. చూద్దామని మెడ వంచితే పలకా మెడతో పాటే వంగింది. మంచం మీద పడుకుని, తల కిందకి వేలాడేసి కూడా చూశాడు. పలకా వేలాడింది.

"అయ్యా, మీ బిళ్ళకి ఆదరణ ముగిసింది" అని చెప్పింది మాటమర చివరికి. "కొత్త బిళ్ళ వేయించుకోండి. పాత చిత్తరువులు అందులోకి రావు. మీ ఇంట్లోవారిని మళ్ళీ తీయించండి."

"ఆ ముక్క ముందే ఏడవొచ్చు గదా" అన్నాడు పోలినాయుడు. దానికి కూడా అది ధన్యవాదాలు చెప్పింది.

చిత్తరువు తీయించుకుందాం రమ్మంటే అప్పయ్యమ్మ కదల్లేదు. ఈ వయసులో నా మొకం నీకెందుకు, గొంతు వినబడతంది చాలదా అంది. చాలదన్నాడు. గళ్ళు వంటింట్లోకి వెళ్ళిపోయాయి. కాసేపటికి లోపల్నుంచి రోట్లో దంచుతున్న చప్పుడు. రోజూ ఉన్నదే. ఏటే ఆ దంచుడు అని అడిగినప్పుడల్లా మిరియాలంటుంది. ఇంట్లో ఇద్దరికీ ఇన్ని మిరియాలేమిటని అతనికి ఎప్పుడూ చిరాకే.

ఆ చిరాకుతోనే బజారుకి బయల్దేరాడు. దారిలో తీగ మీద ఆరేసిన తువ్వాలుని పక్కింటాయన అనుకుని పలకరించాడు. పలకరించాక పక్కింటాయన వెనకనుంచి నవ్వాడు.

బిళ్ళలు బాగుచేసే జైబున్ కణతకి సూదితీగ ఆనించి చాలాసేపు కుస్తీ పట్టింది. పాత కొలత పెడితే అంతా నలుపు. నడిమి కొలత పెడితే మనుషులు పొట్టిగా, లావుగా, పీటల్లా అయిపోయారు.

"దీంతో నావల్ల కాదు బాబాయ్" అంది. "ఒకటే దారుంది. గియ్యడం మొత్తం ఆపేస్తాను. పచ్చిచూపు. దూరం మసకే, దగ్గరున్నది కనబడతాది. ఉన్నది ఉన్నట్టు. తరవాత నన్ను తిట్టకూడదు."

"మా ఇంటిది కనబడతాదా?"

జైబున్ సూదితీగ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "ఆవిడే కనబడతాది" అంది.

గియ్యడం ఆపించుకుని వస్తూ, అలవాటు ప్రకారం చేగోడీలు కట్టించుకున్నాడు. సంతరోజు తప్పకుండా తెస్తాడు. కొత్తలో అప్పయ్యమ్మ అవి కరకర నమిలితే వీధి అరుగు దాకా వినబడేది.

వంటింటి గుమ్మంలో ఆగాడు. రోలు ముందర ఒక ముసలామె కూర్చునుంది. బుగ్గలు లోపలికి పీక్కుపోయి, దవడలు ఒట్టి చర్మంలా ఉన్నాయి. రోట్లో ఉన్నవి మిరియాలు కావు. పోయిన సంతలో తెచ్చిన చేగోడీలు. ఆమె వాటిని మెత్తగా దంచి, పొడి అరచేతిలో పోసుకుని, నోట్లో వేసుకుని నానబెట్టుకుంటోంది.

అలికిడికి తలెత్తింది. అతని చూపు ఎక్కడుందో చూసి కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

అతను పొట్లం కింద పెట్టి ఎదురుగా చతికిలబడ్డాడు.

"ఒద్దని ఒక్కసారైనా అనొచ్చు గదే."

"తెచ్చినప్పుడు నీ మొకం చూసీదాన్ని. అనబుద్దయ్యీది కాదు."

"నా మొకం ఏటి చూశావు. నీకూ కనబడింది బొమ్మేగా."

అప్పయ్యమ్మ కొంగు దించింది. "నా బిళ్ళ ఎప్పుడో కట్టేయించీసేను. నాది నీకన్నా పాతది, మునుపోపాలి కొలత మార్చినప్పుడే నీకులాగే గళ్ళొచ్చినాయి. ఆ మాటమరతో ఎవుడు పడతాడని జైబున్ దగ్గరికెళ్ళిపోనాను."

ఎన్నాళ్ళుగా ఆమె తన అసలు మొహం చూస్తోందో పోలినాయుడు లెక్క వేసుకోబోయి మానేశాడు. రోజూ పొద్దున అద్దం ముందు నిలబడి, చిత్తరువులోని కోరమీసం చూసుకుంటూ అతను మీసం కత్తిరించుకుంటాడు. ఆమె గుమ్మంలో నిలబడి చూస్తుండేది.

"నా మీసం ఎలాగుంటాది?" అన్నాడు మెల్లగా.

"కుడేపు ఎలక కొరికినట్టుంటాది. ఎడమేపు అసలు లేదు."

ఆమె లేచి కత్తెర తెచ్చింది. గడ్డం పట్టుకుని మొహం వెలుగు వైపు తిప్పింది. కదలకు అంది. అతను కదల్లేదు. చెయ్యి మాత్రం తడుముకుంటూ వెళ్ళి, పొట్లం విప్పి, చేగోడీలు కొన్ని రోట్లో వేసి, రోకలి అందుకుంది.