నంజుండప్ప అడిగిన ప్రశ్న

సోమవారం సాయంత్రం మునిలక్ష్మమ్మ సంసారంలో పిడుగు పడింది! పిడుగంటే మొగుడు తాగి వచ్చాడనో, ఎవతెనో వెంటబెట్టుకొచ్చాడనో అనుకునేరు. అదేమీ కాదమ్మా! నంజుండప్ప ఎప్పటిలాగే గనిలో షిఫ్టు ముగించుకుని, గని కార్మికుల ఇళ్లుండే కోరమండల్ లైనులోని ఇంటికి వచ్చాడు. కాళ్లు కడుక్కున్నాడు. వక్కాకు నోట్లో వేసుకున్నాడు. ఆ తర్వాత భార్య ముఖంలోకి తేరిపార చూసి, గొంతు సవరించుకున్నాడు.

“ఏమ్మే... నువ్వు నాతో సుఖంగా ఉండావా?”

మునిలక్ష్మమ్మ చేతిలోని చేట జారి రాగిపిండి నేలపాలైంది!

పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఇన్నేళ్లలో ఆ మనిషి ఇంట్లో వాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ‘నీళ్లు’, ‘ముద్ద పెట్టు’, ‘అమ్మ యాడ?’ అంతే! కూతురి పెళ్లి నాడు ‘బాగా జరిగింది’ అన్నాడని లైనంతా వారం రోజులు చెప్పుకుంది. గని లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే మేస్త్రీ అతను. తట్టి చూడనిదే ఏ రాయినీ నమ్మడు, ఆలోచించనిదే పెదవి విప్పడు. అలాంటి మనిషి ఇవాళ ఏమడిగాడు!

“ఏమైంది మామా నీకు?” అంది మునిలక్ష్మమ్మ. మేనత్త కొడుకు కాబట్టి చిన్నప్పటి నుంచీ మామా అనే పిలుపు.

“నాకేమీ కాలేదు. అడిగితే చెప్పకూడదా?”

“ఏ కారణమూ లేకుండా సుమ్మనే ఎవరన్నా ఇట్ల అడుగుతారా?”

“సరి, నిదానంగా చెప్పు. శనివారం లోపల చెప్తే చాలు” అని చాప పరుచుకుని పడుకున్నాడు.

శనివారమా?! శనివారం ఏముంది? ఆ తర్వాత అడగడానికి ఉండడా ఏమి?

మంగళవారం అతను తుండుగుడ్డలో ఏదో దాచుకుని దొంగలా ఇంట్లోకి వచ్చాడు. విప్పి చూస్తే మూరెడు కనకాంబరాలు! “ఎవురికిరా పూలు? దేవుడికా?” అంది తల్లి పిల్లమ్మ. “దానికి” అని భార్యకేసి గడ్డం చూపించి, ఆ పూలను ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేలా దగ్గాడు నంజుండప్ప.

బుధవారం అతను బిందె పట్టుకుని వీధి కొళాయి దగ్గర ఆడవాళ్ల వరుసలో నిలబడ్డాడు. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. ఏం లాభం? అతను చెవులు ఎర్రబడ్డా కదలకుండా నిలబడి, తన వంతు వచ్చాక బిందె నింపి, భుజాన పెట్టుకుని వచ్చాడు. మునిలక్ష్మమ్మ పరుగున ఎదురెళ్లి బిందె లాక్కుంది. వీధిలో తలెత్తుకోలేకపోయింది పాపం!

ఇక గురువారం మాట చెప్పనే అక్కర్లేదు! అన్నం ముందు కూర్చుని, “పితికిన పప్పు పులుసు బాగుండాది” అన్నాడు. పులుసులో ఆ పొద్దు ఉప్పే వేయలేదు! అంతటితో ఆగాడా? “ఆదివారం కురుడుమలె వినాయకుడి గుడికి పోదాం. కొత్తలో అడిగినావు గదా” అన్నాడు.

మునిలక్ష్మమ్మ పెరట్లోకి పోయి కూలబడింది. అడిగింది నిజమే. పెళ్లయిన మూడో నెలలో అడిగింది... పదహారేళ్ల పిల్ల అప్పుడు. అతను ‘ఊ’ అన్నాడు, అంతే, మళ్లీ ఆ ఊసే లేదు. ఆ ‘ఊ’ ఇన్నేళ్లూ ఆయన కడుపులో ఉందా! తీర్చని కోరికలన్నీ గుర్తు చేసుకుని మరీ తీర్చేది ఎవరు? అయ్యో... పోయేవాళ్లు కాదూ! ఆ ప్రశ్న, ఆ పూలు, ఆ దగ్గు... ఆ దగ్గు! గని మనుషులకు ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకుపోయే జబ్బు గురించి లైనులో తెలియనిది ఎవరికి? ఎంతమందిని చూడలేదు తను! “దుమ్ము పట్టేసింది నా మామకు... నాకు చెప్పకుండా లోలోపలే కుమిలిపోతా ఉండాడు!” అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

పిల్లమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఓదారుస్తుందనుకున్నారా? “మా ఆయన కూడా అంతేనమ్మా!” అని రాగం తీసింది. “ముప్పై ఏండ్లు నన్ను ‘ఓసే’ అన్నాడు. పోయే ముందు వారం... ‘పిల్లా’ అని పిలిచినాడు! అప్పుడే అనుకున్నా, ఇంగ ఈ మనిషి దక్కడని!”

అత్తా కోడళ్లు ఒకరినొకరు పట్టుకుని ఘొల్లుమన్నారు.

ఆ గోలకు పక్కింటి ఆంగ్లో ఇండియన్ ఆగ్నెస్ దొరసాని పరుగెత్తుకొచ్చింది. దొరసాని అన్నది పేరుకే, ఆమె మొగుడు ఫ్రెడ్డీ కూడా అదే గనిలో పనిచేసే ఫోర్‌మన్. సంగతంతా విని ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది.

“వాట్ నాన్సెన్స్ మునీ! మొగుడు ప్రేమగా ఉంటే ఏడుస్తారా? మా ఫ్రెడ్డీ రోజూ గనికి పోతా ముద్దు పెట్టి, ‘లవ్ యూ డార్లింగ్’ అంటాడు. ఒక పొద్దు మర్చిపోయి పోయినాడు. వాడు తిరిగొచ్చేదాకా నేను పొయ్యి ముట్టించలా, తెలుసా? ఏమైపోయినాడో అని ఒకటే ఏడుపు!”

మునిలక్ష్మమ్మ కళ్లు తుడుచుకుంది. “మీ ఆయన అనకపోతే నీకు భయం. మా ఆయన అంటే నాకు భయం. నేనేమి చేసేది ఆగ్నెసమ్మా!”

ఆగ్నెస్ కూడా కూర్చుని ఏడ్చింది.

శుక్రవారం మునిలక్ష్మమ్మ ముళబాగిలు బస్సు కండక్టరు చేత అన్న చిక్కవెంకటప్పకు కబురు పెట్టింది. ‘బావకు బాగలేదు, ఒకసారి రా’ అన్నదే కబురు. కండక్టరు దాన్ని టీకొట్టువాడికి చెప్పాడు, టీకొట్టువాడు పాలవాడికి చెప్పాడు. ఊరు చేరేసరికి బాగలేని బావ మంచం పట్టాడు, చుట్టాలు కడసారి చూపుకి బయల్దేరారు. మునిలక్ష్మమ్మేమో తిరుపతి కొండకు తలనీలాలు మొక్కుకుంది. మొక్కుకుని, పొయ్యి ముందు కూర్చుని తనలో తనే అనుకుంది. ‘నా మామ అయినా అడిగినాడు... నేను ఒక్కరోజన్నా అడిగినానా? అడగకుండానే పంపించేస్తానా దేవుడా!’

శనివారం సాయంత్రం షిఫ్టు సైరన్ మోగేవేళకు వాకిట్లో పన్నెండు మంది చుట్టాలు తలలు పట్టుకుని కూర్చున్నారు. చిక్కవెంకటప్ప భార్య మాటిమాటికీ ముక్కు చీదుతోంది. ఇంతలో నంజుండప్ప సందు మలుపు తిరిగాడు! పక్కన నోటుపుస్తకం పట్టుకుని, కళ్లద్దాలు పెట్టుకున్న ఒక కాలేజీ పిల్ల! అతన్ని చూడగానే పిల్లమ్మ గుండెలు బాదుకుంది. పన్నెండు మందీ ఒక్కసారిగా ఘొల్లుమన్నారు.

నంజుండప్ప నిలబడిపోయాడు. తువ్వాలు తల మీంచి తీసి చేత్తో పట్టుకున్నాడు.

“ఎవురు పోయినారు?”

చిక్కవెంకటప్ప మెల్లగా లేచాడు. “బావా... నువ్వు నడిచే వస్తా ఉండావే!”

“నడవకుండా ఎట్ల వచ్చేది?”

మునిలక్ష్మమ్మ ఇక ఆగలేకపోయింది. జనాన్ని తోసుకుని వచ్చి అతని చొక్కా పట్టుకుంది. “ఇంగ దాయొద్దు మామా! డాక్టరు ఎన్నాళ్లని చెప్పినాడు? చెప్పు!”

“ఏ డాక్టరు?”

“మరి శనివారం అన్నావు గదా!”

ఆ కాలేజీ పిల్ల బెదిరిపోయి, “శనివారం నేను రమ్మన్నానండీ... కాదు, ఆయనే నన్ను రమ్మన్నారు...” అంది. బెంగళూరు కాలేజీలో చదువట ఆ అమ్మాయిది. తెలుగువాళ్లు, తమిళులు, ఆగ్నెస్ లాంటివాళ్లు, వీళ్లలో మొగుడూ పెళ్లాలు ఎలా ఉంటారు, ఎవరు ఎంత సుఖంగా ఉంటారు అని లైనులన్నీ తిరిగి రాసుకుంటోందట. సోమవారం గని గేటు దగ్గర నంజుండప్పను ఆపి, మీ భార్య మీతో సుఖంగా ఉందా అని అడిగిందట.

“తట్టి చూడకుండా బాగుందని చెప్పేది నాకు అలవాటు లేదు. శనివారం రా తల్లీ, కనుక్కొని చెప్తా అన్నా” అన్నాడు నంజుండప్ప. తర్వాత తల దించుకున్నాడు. “ఇంగా ఏమేమో అడిగింది. పూలు తెస్తావా? నీళ్లు మోస్తావా? వంట బాగుందంటావా? యాడికన్నా పిలుచుకొని పోతావా? అన్నిటికీ లేదు, లేదు, లేదు అని చెప్పాల్సొచ్చె. సిగ్గయిపోయింది నాకు. శనివారం లోపల అన్నీ మొదలుపెడితే ‘ఉంది’ అని చెప్పొచ్చు గదా అని...”

“మరి ఆ దగ్గు?”

“పూలు ముక్కులోకి పోయినాయి.”

“దుమ్ము జబ్బు కాదా?”

“పోయిన నెలే ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసినారు. నిమ్మళంగా ఉండాది అన్నారు.”

“నాకు చెప్పనే లేదే!”

నంజుండప్ప నిజంగానే ఆశ్చర్యపోయాడు. “బాగుంటే చెప్పేదానికి ఏముండాది?”

మునిలక్ష్మమ్మ రెండు చేతులతోనూ అతని ఛాతీ మీద దబదబా కొట్టింది. కొడుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. ‘నా తండ్రే, బతికుండావా!’ అని ఆ ఛాతీకే తల ఆనించి, అంతమంది ముందూ వెక్కివెక్కి ఏడ్చింది. చిక్కవెంకటప్ప అటు తిరిగి నిలబడ్డాడు. ఆగ్నెస్ గోడ అవతలి నుంచి చప్పట్లు కొట్టింది!

కాలేజీ పిల్ల భయం భయంగా కలం తీసింది. “అమ్మా... మరి మీ జవాబు?”

“నాదా?” మునిలక్ష్మమ్మ కళ్లు తుడుచుకుంది. “షిఫ్టు విడిస్తే ఆ సందులో వంద తలకాయలు వస్తా ఉంటాయి తల్లీ. ఈ తలకాయ కనబడేదాకా నా ఊపిరి నాది కాదు. కనబడినాక ఇంగ లోకంలో నాకు ఏమీ అక్కరలేదు. దానికి మీ చదువులో ఏం పేరుందో నాకు తెలీదు. ఒకటి మాత్రం చెప్తా విను. ఇరవై రెండేండ్లలో నేను సుఖంగా లేనిది ఈ ఒక్క వారమే!”

ఆ పిల్ల కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. అంత జవాబు పట్టే గడి ఎక్కడా దొరకలేదు కాబోలు, అంచు మీద సన్నగా రాసుకుంది. తర్వాత నంజుండప్పకేసి తిరిగింది. “మీ భార్య సంగతే గాని, మీ సంగతి చెప్పనే లేదు. మీరు సుఖంగా ఉన్నారా?”

మునిలక్ష్మమ్మ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, పుట్టి బుద్ధెరిగినాక మొదటిసారి అడిగింది. “చెప్పు మామా... నువ్వు సుఖంగా ఉండావా?”

నంజుండప్ప ఆమెను చూశాడు. చుట్టాలను చూశాడు. ఎప్పటిలాగే తొట్టి దగ్గరికి పోయి చెంబుతో నీళ్లు ముంచి కాళ్లు కడుక్కోవడం మొదలుపెట్టాడు.

కాలేజీ పిల్ల కలం గాల్లోనే పట్టుకుని నిలబడింది. “అమ్మా, ఆయన ఏమీ చెప్పలేదే...”

మునిలక్ష్మమ్మ అప్పటికే పదహారు మందికి ముద్ద కలపడానికి కొంగు బిగించి లోపలికి నడుస్తోంది. ముఖమంతా వెలుగు! గడపలో ఆగి వెనక్కి తిరిగింది.

“చెప్పినాడు గదా తల్లీ! రాసుకో!”