నిలబడి కనిపించే గీత

వాన పట్టిన మధ్యాహ్నం. పడవల షెడ్డు నిండా పెట్రోలు వాసన, తడిసిన తాళ్ల వాసన. మధ్యలో ఇనుప స్టాండు మీద పాత ఇంజను. దాని ముందు పీట వేసుకుని కూర్చున్నాడు మేస్త్రి. ఇంజను ఊడదీసిన పడవ బయట రేవులో ఖాళీ కడుపుతో ఊగుతోంది.

ఆ ఇంజనే కిందటేడు ఆయన అల్లుణ్ణి పొట్టన పెట్టుకుంది. ఏరు సముద్రంలో కలిసేచోట పెద్ద అల ఎదురైతే వేగం తగ్గించాలి, అలను పడవ కింద నుంచి పోనివ్వాలి. అల్లుడు తగ్గించాడు. తగ్గించగానే ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. పడవ అడ్డం తిరిగింది. పడవ దొరికింది. మనిషి దొరకలేదు.

"టైమింగ్ పెట్టిందెవరు?" అన్నారు జనం. ప్లగ్గులో నిప్పు ఏ క్షణాన పడాలో కుదిర్చే ఆ పని చేసింది మేస్త్రే. కూతురు మాత్రం ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆ రోజు నుంచి ఆమె నోట "నాన్నా" అన్న పిలుపే పోయింది. రేపటి నుంచి పడవ తనే నడుపుతానంది. ఆ కబురు కూడా బాబాయి చేతే, అంటే మేస్త్రి తమ్ముడి చేతే, చెప్పి పంపింది. ఈసారి తప్పు జరిగితే పోయేది కూతురే. మేస్త్రికి నిద్ర లేదు.

ప్లగ్గులు మార్చాడు. పాయింట్ల మధ్య ఎడం సరిచేశాడు. కార్బొరేటర్ కడిగాడు. అయినా వేగం తగ్గిస్తే చాలు, ఇంజను ఉబ్బసం ముసలాడిలా ఎగపోస్తోంది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అన్నయ్యా నీ వరస," అన్నాడు తమ్ముడు, తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని. "ప్లగ్గంటావు, పాయింట్లంటావు."

"నేనేమన్నాన్రా? ఏడాదై నోరు విప్పానా?"

"అదే చెప్తున్నా. వయసు మీద పడింది, చెయ్యి వణికింది. అయిందేదో అయింది. నిన్ను నేనేమన్నా అన్నానా?"

ఆ మాట మేస్త్రికి ఓదార్పుగానే తోచింది. తమ్ముణ్ణి వేలు పట్టుకుని పెంచింది ఆయనే. చిన్నప్పుడు తమ్ముడి చూపుడు వేలు ఇదే ఇంజను బెల్టులో పడి సగానికి తెగితే, తన చొక్కా చింపి కట్టు కట్టి, వాణ్ణి భుజాన వేసుకుని పరుగెత్తాడు.

"తలుపు వెయ్యి చిన్నోడా. ఈ లైటుకు చీకటి కావాలి."

తమ్ముడు తలుపు మూసి, లోపలి గడియ వేశాడు.

మేస్త్రి టైమింగ్ లైటు క్లిప్పును మొదటి ప్లగ్గు వైరుకు తగిలించాడు. ఆ ప్లగ్గులో నిప్పు పడ్డప్పుడల్లా లైటు ఒక్కసారి మెరుస్తుంది. గిర్రున తిరిగే చక్రం మీద తెల్ల గీత ఆ మెరుపుల్లో కదలకుండా నిలబడినట్టు కనిపిస్తుంది. చక్రం పక్కన బిగించిన సూదికి ఎదురుగా నిలబడిందంటే టైమింగ్ కుదిరినట్టు.

ప్లగ్గులకు నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్‌ని వెంట్రుకవాసి తిప్పాడు. గీత సూదికి ఎదురొచ్చింది. ఇంజను కుదుటపడింది. బోల్టు బిగించాడు.

గీత పక్కకు జరిగింది. ఇంజను దగ్గింది.

మళ్లీ తిప్పాడు. మళ్లీ బిగించాడు. మళ్లీ జరిగింది. బోల్టు పట్టి చూస్తే రాయిలా ఉంది.

ఎక్కడి నుంచో పాచి వాసన... సముద్రం అడుగున ఉండే వాసన. లైటును డిస్ట్రిబ్యూటర్ మీదికి తిప్పాడు.

చెయ్యి.

మెరుపులో ఉంది. మెరుపుకూ మెరుపుకూ మధ్య లేదు. డిస్ట్రిబ్యూటర్‌ని పట్టుకుని, మెల్లగా, వెనక్కి తిప్పుతోంది.

"అల్లుడా..." పెదవులు మాత్రమే కదిలాయి. "తప్పు నాదేనని చూపడానికొచ్చావా నాయనా..."

మెరుపు. ఆ చేతికి చూపుడు వేలు సగమే ఉంది.

మేస్త్రి తల తిప్పాడు. తమ్ముడు స్టూలు మీదే ఉన్నాడు. వాడి రెండు చేతులూ ఒళ్లోనే ఉన్నాయి.

"చిన్నోడా. అప్పుడు దీన్ని తిప్పింది నువ్వా?"

"ఎవరు చెప్పారు?"

కాదనలేదు. ఎవరు చెప్పారన్నాడు.

"నీ వేలే చెప్పింది."

తమ్ముడు తల వాల్చేశాడు. "చావాలని కాదన్నయ్యా... రేవులో ఆగిపోతే నలుగురూ నవ్వుతారని. ఇన్నేళ్లు చుక్కాని పట్టినవాణ్ణి. నిన్నగాక మొన్నొచ్చిన వాడి చేతికిచ్చావు. బల్ల మీద ఓ కాలేసి, పెద్ద మొనగాడిలా నిలబడేవాడు..."

"చుక్కాని పట్టినోడివి. అల వస్తుందని తెలీదా? పోనీ, ఆ తర్వాత తెలిసిందిగా. నా చెయ్యి వణికిందన్నావు కదరా. నా కూతురి ముందే అన్నావు."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి. కొడదామని లేచాడు. చెయ్యి లేవలేదు. అది వాడికి కట్టు కట్టిన చెయ్యి.

స్విచ్ ఆపాడు. ఇంజను ఆగలేదు.

ప్లగ్గు వైర్లన్నీ పీకేశాడు. ఆగలేదు... దగ్గు లేదు. హాయిగా, నిదానంగా ఆడుతోంది. వైరు లేని లైటు చేతిలో మెరుస్తూనే ఉంది.

మెరుపు. స్టూలు మీద తమ్ముడు.

మెరుపు. తమ్ముడి భుజం మీద ఒక చెయ్యి. నీళ్లు కారుతూ.

మెరుపు. ఖాళీ స్టూలు.

లైటు ఆరిపోయింది. షెడ్డులో నిశ్శబ్దం.

తలుపు దబదబా మోగింది. "నాన్నా!"

ఏడాది తర్వాత ఆ పిలుపు.

"తలుపు తియ్యి నాన్నా. ఇంజను ఎప్పుడు బిగించావు? ఈ వానలో బాబాయి పడవేసుకుని ఎక్కడికి పోతున్నాడు?"

దూరంగా, ఏరు సముద్రంలో కలిసే వైపు, ఇంజను చప్పుడు. ఒక్క దగ్గు లేకుండా.

మేస్త్రి చీకట్లో తడిమాడు. ఇంజను స్టాండు మీదే ఉంది. ఇప్పటిదాకా ఆడిన ఇంజను శవంలా చల్లగా ఉంది. ప్లగ్గుల మొదళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. తలుపు దగ్గరికి వెళ్లి తడిమాడు. గడియ వేసినట్టే ఉంది.

"బాబాయి ఒక్కడేనా తల్లీ?"

తలుపవతల ఆమె అడుగులు రేవు వైపు రెండు పడి ఆగాయి.

"బాబాయి ముందు కూర్చున్నాడు నాన్నా. కదలటం లేదు. చుక్కాని దగ్గర ఎవరో... బల్ల మీద ఓ కాలేసుకుని..."