ఎవరికి పనికొస్తుంది?

ఆ రోజుల్లో బూరాడపాలెం రేవులో వేలంపాట అరుపులకంటే ముందు నాలుకల మాటలు వినిపించేవి.

"ఈ వంజరం మంచిదే, తినొచ్చు." "ఈ కానాగంతలు పెద్దోళ్ళు తినండి, పిల్లలకి పెట్టకండి." "ఈ సొర విషం. తినొద్దు, తినొద్దు." పడవకొకటి, తట్టకొకటి చొప్పున ఆ యంత్రాలు ముసలమ్మ గొంతుతో, పాలెం యాసలో వాగుతూనే ఉండేవి. పెళ్ళిచూపుల్లో పిల్లని ఎంచినట్టు చేపచేపనీ ఎంచేవి. ఆడవాళ్ళు వాటితో సరసాలాడేవారు, తిట్టేవారు, కానీ వాటి మాట మాత్రం జవదాటేవారు కాదు.

దాని అసలు పేరు రసజిహ్వ. తమలపాకంత పలక. మన నాలుక మీద రుచిమొగ్గలున్నట్టే దాని మీద ల్యాబులో పెంచిన జీవకణాలుంటాయి. మనకి ఉప్పూ పులుపూ తెలిసినట్టు వాటికి పాదరసం, సీసం, కాడ్మియం తెలుస్తాయి. చేపకి ఆనించి గుటక వేసేలోపు కణాలు రుచి పట్టేస్తాయి. అడుగునున్న చిప్ ఆ రుచిని మాటల్లో పెడుతుంది. అడిగిన ప్రశ్నకి జవాబు చెబుతుంది. జనం ఎక్కువగా ఏమడుగుతున్నారో గమనించి, తన జవాబుల్ని దానికి తగ్గట్టు దిద్దుకుంటుంది కూడా.

దాన్ని కనిపెట్టిన గనగళ్ళ హైమ ఆ పాలెంలో పుట్టినదే. ఆమె చిన్నప్పుడు ఒడ్డున పుర్రె బొమ్మలతో ఎర్ర బోర్డులుండేవి. నీళ్ళలో పాదరసం ఇన్ని పీపీఎం అని రాసి ఉండేది. పీపీఎం అంటే ఏమిటో ఎవరికీ తెలియదు గనక జనం ఆ బోర్డుల మీద వలలు ఆరేసుకునేవారు. వల అల్లడంలో అంతటివాడు లేడనిపించుకున్న హైమ తండ్రి, చివరి రోజుల్లో చేతులు వణికి అన్నం ముద్ద నోటిదాకా తెచ్చుకోలేకపోయాడు. హెచ్చరిక అర్థం కాకపోతే అది హెచ్చరికే కాదని హైమ అప్పుడే తీర్మానించుకుంది. ఆ పట్టుదలతోనే రసజిహ్వ పుట్టింది. దేశం ఆమెని నెత్తిన పెట్టుకుంది. వాగు ఎగువన కంపెనీలు మాత్రం వదిలేది వదులుతూనే ఉన్నాయి. ఆపమని నాలుక చెప్పదు, అది దాన్ని ఎవరూ అడగని ప్రశ్న.

హైమ కూతురు మేఖల మగబిడ్డని కన్నప్పుడు హైమ చిన్నాన్న ఎర్రయ్య పాలసొర పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. రేవులో వేలంపాట పాడే పెద్దమనిషి ఆయన. పాలసొర పుట్టు కూర తింటే బాలింతకి పాలు ధారగా పడతాయని ఆ తీరంలో నమ్మకం. చేప పేరులోనే పాలున్నాయి మరి.

"నీకు మీ యమ్మ ఇదే పెట్టింది, దానికీ పెట్టు," అన్నాడు.

హైమ నాలుక ఆనించింది. ముసలమ్మ గొంతు గట్టిగా అరిచింది. "ఈ సొర విషం. బాలింతలు ముట్టుకోవద్దు!"

ఎర్రయ్య లెంపలేసుకుని చేపని వెనక్కి తీసుకుపోయాడు. హైమకి మహా గర్వమనిపించింది. ఆనాటినుంచి ఆ ఇంట్లోకి చేప రానివ్వలేదు. మేఖలకి పూటపూటా కోడికూర, ఉడకబెట్టిన గుడ్లు దగ్గరుండి తినిపించింది.

బిడ్డ బొద్దుగానే ఉన్నాడు. కానీ పళ్ళెం కింద పడి ఇల్లంతా మోగినా ఉలిక్కిపడడు. తల్లి ముఖం మీద చూపు నిలపడు. డాక్టరు రక్తం పరీక్ష చేసి కాగితం హైమ చేతిలో పెట్టి, "మీకు నేను చెప్పేదేముంది మేడమ్, పాదరసం," అంది. "ఇప్పుడే ఆగిపోతే మెదడు చాలావరకు కోలుకుంటుంది. ఇంకా ఎక్కితే మన చేతుల్లో ఉండదు."

హైమ ఇంటికొచ్చి వంటగదిలో ఉన్నవన్నీ నేలమీద పరిచింది. బియ్యం, పప్పు, మంచినీళ్ళు బాగానే ఉన్నాయి. గుడ్డు పగలగొట్టి సొనలో నాలుక ముంచింది.

"ఈ చేప విషం," అంది యంత్రం. దానికి చేప తప్ప మరో తిండి పేరు తెలియదు.

హైమ మేఖల పాలు నాలుగు చుక్కలు పలక మీద పిండించింది.

"ఈ చేప పసిపిల్లలకి పనికిరాదు."

మేఖల బిడ్డని గుండెకి హత్తుకుని గోడవైపు తిరిగిపోయింది.

హైమ ఆ ఊపులోనే రేవుకి పరుగెత్తింది. "చిన్నాన్నా, నాలుక వద్దన్న చేపల్ని ఏం చేస్తున్నారు?"

"ఏటి సేత్తాం? పారబోత్తామేటి? సేపల పొడి మిల్లుకి ఎల్లిపోతాయి," అన్నాడు ఎర్రయ్య. "కోళ్ళ దాణాకి, గొడ్ల దాణాకి. ఆ దారి నాలికే సెప్పింది."

"నాలుకా?"

"దాన్నే అడుగు."

హైమ తట్టలో ఉన్న యంత్రాన్ని చేతిలోకి తీసుకుంది. "విషం చేపని మిల్లుకి పంపమని నీకెవరు నేర్పారు?"

"మీరే," అంది ముసలమ్మ గొంతు నింపాదిగా. "అడిగినవాళ్ళకి పనికొచ్చే జవాబు చెప్పమన్నారు. ఇది విషమా అని జనం ఒక్కసారే అడుగుతారు. తినకూడదంటే, మరి ఎవరికి పనికొస్తుందని మళ్ళీ మళ్ళీ అడుగుతారు. దాణాలో పాదరసానికి చట్టంలో పరిమితి లేదు. అందుకని మిల్లు చెప్పాను. పొడి ఎగువ పట్నాలకి పోతుందన్నాను. వాళ్ళు సరే అన్నారు."

"తెలిసీ పంపారా చిన్నాన్నా! అవి తినేవాళ్ళు మనుషులు కారా? మీకు పిల్లల్లేరా?" హైమ గొంతు చీరుకుపోయింది. రేవులో జనం గుమిగూడారు. ఒక్కరూ తలెత్తలేదు.

ఎర్రయ్య తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. "తెలీనోళ్ళ ఇంటికి ఎల్తాదనుకున్నామమ్మా. మనింటికే తిరిగొత్తాదని ఎవులనుకున్నారు?"

ఆ మాటకి హైమ అతన్ని కొట్టినంత పనిచేసింది. నువ్వు మనిషివేనా అని అడిగి, ఏడుస్తూ ఇంటికొచ్చేసింది.

కోపం బిడ్డ ఆకలి తీర్చదు. డబ్బా పాలు పడదామంటే ఆ ఆవులు తినేదీ అదే పొడి. డాక్టరు ఒక్కటే దారి చెప్పింది. కొండల అవతల పట్నంలో తల్లిపాల నిధి ఉంది. అక్కడి తల్లులు కొండ పంటలు తినేవాళ్ళు, వాళ్ళ పాలు మంచివి. అయితే అడిగేవాళ్ళు ఎక్కువ, ఇచ్చేవాళ్ళు తక్కువ. అందుకని ఎన్ని సీసాలు తీసుకుంటే అన్ని సీసాల పాలు ఇచ్చి రావాలి. నిధిలో మార్పిడే తప్ప దానం లేదు; పాలు లేని తల్లులు మాత్రం ఎవరైనా అదనంగా ఇచ్చేదాకా కాచుకోవాలి.

మేఖల సీసాలు నింపి ఇచ్చింది. తల్లి కళ్ళలోకి చూడలేదు.

దారి పొడుగునా హైమ తనకి తాను చెప్పుకుంటూనే ఉంది. ఇవి చూపించి ఉన్నదున్నట్టు చెబుతాను, కాళ్ళు పట్టుకుంటాను, ఎంత డబ్బైనా కడతాను. నిధి మెట్ల దగ్గరికి వచ్చేసరికి సంచిలోని రసజిహ్వ, సీసా మీది పాలతడి తగిలి మాట్లాడబోయింది. హైమ దాని మీట నొక్కి నోరు మూయించింది.

లోపల బెంచీ మీద ఒక కొండ పల్లె ముసలామె, పక్కన కోడలు. కోడలి ఒళ్ళో గుప్పెడంత బిడ్డ. రొమ్ములో పాలు ఎండిపోయాయట, పొద్దుటినుంచి కూర్చుని ఉన్నారు.

నర్సు హైమని చూస్తూనే లేచి నిలబడింది. "రసజిహ్వ హైమ గారు కదండీ! మా స్కూలు పుస్తకంలో మీ బొమ్మ ఉండేది." "మీ అమ్మాయి పాలా అండీ?" అంటూ సీసాలు అందుకుని, బల్ల మీద నాలుక కోసం చెయ్యి చాపి, అంతలోనే నవ్వేసింది. "అయ్యో, మీరే స్వయంగా తెచ్చాక ఇంక నాలుకెందుకండీ!"

చెప్పాలి. ఇప్పుడు చెప్పాలి. హైమకి బిడ్డ కళ్ళు గుర్తొచ్చాయి, ఎక్కడా నిలవని ఆ చూపు గుర్తొచ్చింది. నాలుక పిడచకట్టుకుపోయింది.

"మంచివేనా అండీ?" అని మాటవరసకి అడిగింది నర్సు.

"మంచివే," అంది హైమ.

నర్సు ఫ్రిజ్ తెరిచి, అందులో మిగిలిన సీసాలన్నీ హైమ సంచిలో సర్దింది. ఖాళీ అయిన అరలో మేఖల పాలు పెట్టబోయి, బెంచీవైపు చూసి ఆగింది. "రావమ్మా, నీ అదృష్టం బాగుంది. తాజావి, ఇప్పుడే వచ్చాయి."

ముసలామె గబగబా లేచి వచ్చి సీసా అందుకుంది. కోడలు బిడ్డ నోటికి పట్టింది. బిడ్డ ఆబగా తాగడం మొదలుపెట్టాడు. చూస్తున్న ఆ ముసలామెకి కళ్ళనీళ్ళు తిరిగాయి. హైమ దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించింది.

"మీ పిల్ల పాలటగదమ్మా. చల్లగా ఉండండి."

హైమ సంచిని చంకకి హత్తుకుని, వీలైనంతలో తనూ చేతులు జోడించింది. తర్వాత బస్సు వెళ్ళిపోతుందని గబగబా మెట్లు దిగింది.